అట్టపెట్టె అలంకారశాస్త్రం

ముప్ఫయ్యేళ్ళుగా నేను పుస్తక సమీక్షలు రాస్తున్నాను. రచయితలు పుస్తకం పంపిస్తారు. నేను చదువుతాను, తోచింది రాస్తాను. ఆ తరువాత వాళ్ళు సభల్లో నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకుంటారు. ఇది మామూలే. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది ఒక్కటే: పుస్తకం పూర్తి చేసేదాకా అట్ట వెనకవైపు చదవకూడదు. అక్కడ రాసిందంతా నమ్మితే ఆంధ్రదేశంలో మహాకావ్యం రాయనివాడు ఒక్కడూ మిగలడు.

అలాంటివాణ్ణి, ఆ మధ్య ఒక నెల్లాళ్ళపాటు అట్టల మీది రాతలే చదువుతూ కూర్చున్నాను. అవి పుస్తకాల అట్టలు కావు, కంప్యూటర్ మానిటర్ల అట్టపెట్టెలు. సాహిత్యానుబంధంలో ఈ మానిటర్ల గోలేమిటని విసుక్కోకండి. ఆ పెట్టెల మీద ఉన్నదీ సాహిత్యమే. పైగా ఏ కవితాసంపుటినైనా తలదన్నే అలంకారాలున్న సాహిత్యం. మన సమీక్షకులెవరూ దాని జోలికి పోయినట్టు లేదు. ఆ లోటు నేను తీరుస్తాను.

అసలు కథ మా అక్కయ్య పెళ్ళిఫోటోతో మొదలైంది.

అక్కయ్య పెళ్ళి 1983లో. మా ఇంట్లో అప్పటికి రంగుల ఫోటో అంటే ఆర్భాటమే. నాన్నగారు బాగా ఆలోచించి, నలుపు తెలుపు రీళ్ళు రెండు, రంగులది ఒకటి అని బేరం కుదిర్చారు. ఆ ఒక్క రంగుల రీల్లో అప్పగింతలప్పటి ఫోటో ఒకటుంది. అక్కయ్య తల వంచుకుని నిలబడితే, పక్కన బావగారు ఎటు చూడాలో తెలియక కెమెరా వైపు చూస్తూ ఉంటారు. బావగారు పోయి రెండేళ్ళయింది. ఆ ఫోటో పెద్దది చేయించి గోడకి పెట్టుకుంటానంది అక్కయ్య. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పాత ఫోటోలు కంప్యూటర్లో బాగుచేయడం సరదాగా నేర్చుకున్నవాణ్ణి కనక, ఆ పని నాకే అప్పగించింది.

నలభయ్యేళ్ళు బీరువాలో ఉన్న ఫోటో ఇటుకరంగుకి తిరిగింది. ఆ కాలపు రంగుల కాగితంలో మూడు పొరలుండేవి: నీలిపచ్చ, ముదురు గులాబి, పసుపు. ఆల్బంలో పెట్టి చీకట్లో దాచినా సరే, వాటిలో సాధారణంగా ముందు వెలిసిపోయేది నీలిపచ్చే. అది పోతే మిగిలేది ఎరుపు. మా అక్కయ్య పెళ్ళిచీరది నెమలికంఠం రంగు. అంటే, ఏది ముందు పోతుందో సరిగ్గా అదే. ఫోటోలో ఆ చీర వాడిపోయిన వంకాయలా ఉంది.

వారంరోజులు రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ చీరకి రంగు తెచ్చాను. చూసుకుని మురిసిపోయాను కూడా. స్టూడియోలో ప్రింటు వేయించి పట్టుకెళ్ళి అక్కయ్య చేతిలో పెట్టాను. చీర మీద సిరాబుడ్డి బోర్లించినట్టుంది. బావగారు దీపం లేని గదిలో నిలబడ్డట్టున్నారు.

“ఒరేయ్, కంటి ఆపరేషన్ జరిగింది నాకా, నీకా?” అంది అక్కయ్య.

ఆవిడకి అంతకు నెలరోజుల ముందే శుక్లాలు తీశారు. వయసుతో కంట్లోని కటకం పసుపుబారి నీలాన్ని మింగేస్తుంది. అది తీసి కొత్తది పెట్టేసరికి, “ఆకాశం ఇంత నీలంగా ఉంటుందన్న సంగతే మరిచిపోయానురా” అని ఊరందరికీ చెప్పింది. అలాంటి కొత్తకళ్ళ ముందు నా పాతరంగులు ఏం నిలుస్తాయి?

తప్పెక్కడ జరిగిందో రెండు రోజులకి గాని తెలియలేదు. నా లాప్‌టాప్‌కి పొద్దుగుంకగానే తెర దానంతటదే పసుపుబారే ఏర్పాటు ఒకటుంది. రాత్రిపూట కళ్ళకి హాయిగా ఉంటుందని పెట్టారు. అంటే ప్రతి సాయంత్రమూ నా కంప్యూటరుకి శుక్లం వచ్చేదన్నమాట. ఆ పసుపులోంచి చూస్తూ, నీలం చాలలేదని నేను గరిటెలతో పోశాను. తెర వెలుతురేమో నిండా పెట్టుకున్నాను. దాంతో బొమ్మ నా కళ్ళకి దేదీప్యమానంగా కనిపించింది. కాగితానికి దీపం ఉండదు కదా! అక్కడ అది చీకటైపోయింది. పోనీ ఆ ఏర్పాటు ఆపేసి పగటిపూట చేద్దామంటే, తల కాస్త పైకెత్తితే ఒక రంగు, దించితే మరో రంగు. చవకరకం తెర. మంచి మానిటర్ ఒకటి కొనక తప్పదని తేలింది.

ఈ మాట చెవిన పడగానే, సెలవులకి వచ్చిన మా అమ్మాయి కొడుకు రంగంలోకి దిగాడు. వాడికి పద్నాలుగేళ్ళు. “తాతయ్యా, ఎలాగూ కొంటున్నావు కాబట్టి 144 హెర్ట్జ్‌ది కొను. నీ ఫోటోలు నువ్వు చూసుకో, నా కార్ల పందెం నేను ఆడుకుంటా.” సరే, ఒక మానిటర్, రెండు కాపురాలు. ఇద్దరం బజారులో పడ్డాం. కొట్టువాడు ఏడు పెట్టెలు తెచ్చి ముందు పెట్టాడు. నేను కళ్ళద్దాలు సవరించుకుని సమీక్షకుడి ఫక్కీలో చదవడం మొదలుపెట్టాను.

మొదటిది అతిశయోక్తి. దాదాపు ప్రతి పెట్టె మీదా పెద్ద అక్షరాలతో ‘1 మిల్లీసెకను’ అని ఉంది. తెర మీది చుక్క ఒక రంగు నుంచి మరో రంగుకి మారడానికి పట్టే కాలమట. సెకనులో వెయ్యోవంతు! ఎప్పుడు? ఆ చుక్కని వీలైనంత గట్టిగా అదిలించినప్పుడు. అంత అదిలిస్తే అది ఆగవలసినచోట ఆగక దాటిపోయి, మళ్ళీ వెనక్కి వస్తుంది. పరుగెత్తే కారు వెనక తెల్లటి దెయ్యపునీడ పడుతుంది. పక్కనే చీమతలకాయంత అక్షరాల్లో ‘ఎంపీఆర్‌టీ’ అని ఉంటే అది అసలు ఆ కొలతే కాదు. కంటికి కనిపించే మసక ఎంతసేపన్న లెక్క. వెనక దీపాన్ని ఆర్పి వెలిగించి దాన్ని తగ్గిస్తారు. ఇంకో పెట్టె మీద నలుపు తెలుపుల తేడా కోటికి ఒకటి అని ఉంది. నలుపు కొలిచేటప్పుడు దీపం తగ్గించేసి, తెలుపు కొలిచేటప్పుడు నిండా వెలిగిస్తే ఎంతైనా వస్తుంది. అమావాస్య అర్ధరాత్రినీ మిట్టమధ్యాహ్నాన్నీ ఒక్క గడియలో చూపిస్తానన్నట్టు! ఒకే బొమ్మలో అసలు తేడా ఐపీఎస్ రకం తెరల్లో సుమారు వెయ్యికి ఒకటి, వీఏ రకంలో మూడు వేలకి ఒకటి. ఈ మాట కూడా పెట్టె మీద ఉంటుంది, భూతద్దం ఉంటే కనిపిస్తుంది.

రెండవది శ్లేష. రంగుల విషయంలో కంపెనీల వారి శ్లేష ముందు మన ప్రబంధకవులు బలాదూర్. ఒక పెట్టె మీద ‘72 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంది. ఇంకోదాని మీద ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని ఉంది. మావాడు రెండోదానికి నూటికి నూరు మార్కులు వేశాడు. తీరా చూస్తే రెండూ ఇంచుమించు ఒకే మాట. మొదటిది అమెరికావారు 1953లో టెలివిజన్ కోసం గీసుకున్న రంగుల హద్దు. రెండోది హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో కంప్యూటర్ల కోసం ప్రతిపాదిస్తే, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైన చిన్న హద్దు. ఆ పెద్దదాంట్లో ఈ చిన్నదాని విస్తీర్ణం 72 శాతం. కాబట్టి 72 చూసి చిన్నబోనక్కర్లేదు. కాని ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే మాత్రం పెట్టె కింద పెట్టి వచ్చేయాలి. మామూలు ఫోటోలకి కావలసిన రంగుల్లో అది మూడింట రెండు వంతులు కూడా కాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. విస్తీర్ణం నూరు శాతమనడం వేరు, కావలసిన రంగులన్నీ అందులో ఉన్నాయనడం వేరు. మన ఎకరంలో పావు వంతు వదిలేసి పక్కవాడి పొలంలో పావు కలుపుకున్నా, లెక్కకి ఎకరమే. పంట ఎవరిదో తరువాత తెలుస్తుంది. అందుకని ‘కవరేజీ’ అన్న మాట ఉందా లేదా అని చూడాలి.

మూడవదానికి అలంకారశాస్త్రంలో పేరు లేదు గాని సామెతల్లో ఉంది: పేరు గొప్ప, ఊరు దిబ్బ. అది ‘హెచ్‌డీఆర్’. చీకటినీ వెలుగునీ ఒకేసారి కళ్ళు జిగేల్మనేలా చూపించే విద్య. ‘వెసా’ అనే సంస్థ 2017 నుంచి దీనికి మెట్లవారీ ముద్రలు వేస్తోంది. అన్నిటికంటే కింది మెట్టు 400. ఆ మెట్టు ఎక్కడానికి, వెనక దీపాన్ని భాగాలుగా విడదీసి ఒకచోట తగ్గించి మరోచోట పెంచే ఏర్పాటు ఉండి తీరాలన్న నియమం లేదు. అది లేకపోతే ఆ విద్యలో మిగిలేదేముంది? కొన్ని పెట్టెల మీద ఆ ముద్ర కూడా లేదు, ‘హెచ్‌డీఆర్ 10 స్వీకరిస్తుంది’ అని మాత్రం ఉంది. ఉత్తరం అందుకుంటానన్నాడు గాని చదువుతాననలేదు!

ఇక నాలుగవది స్వభావోక్తి, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. పాపం, దానికి పెట్టె ముందువైపు చోటు దొరకదు. పక్కవైపున, చారలగుర్తు కింద, చిన్న అక్షరాల్లో అణిగిమణిగి ఉంటుంది. నేననుకోవడం, పెట్టె మొత్తానికి చదవదగ్గ పేజీ అదొక్కటే.

అక్కడ చూడవలసింది ముందు తెర రకం. ఐపీఎస్ అయితే పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది గాని, చీకటి రంగులు మారేటప్పుడు మసక సాగుతుంది, పక్కనుంచి చూస్తే పాలిపోతుంది. టీఎన్ రకం మా లాప్‌టాప్ గారి వంశం; వదిలేయండి. తరువాత చుక్కల లెక్క. 24 అంగుళాల తెర మీద 1920, 1080 చుక్కలుంటే అంగుళానికి 92 పడతాయి. అవే చుక్కల్ని 27 అంగుళాలకి సాగదీస్తే 82కి పడిపోతాయి; నెయ్యి చాలని పప్పన్నం. 27 అంగుళాలకి 2560, 1440 ఉంటే 109. ఇది నా వయసు కళ్ళకి చక్కగా సరిపోయింది. ఆపైన ‘4కె’ ఉంది, 163. అది కొందామని నేను ఉబలాటపడ్డాను. మావాడు అడ్డుపడ్డాడు.

“తాతయ్యా, ఒక్కో బొమ్మకీ 83 లక్షల చుక్కలకి రంగు వెయ్యాలి. దీనికైతే 37 లక్షలే. మన కంప్యూటరు రెండుంబాతిక రెట్ల పని చెయ్యలేదు. నా కారు ఎడ్లబండి అయిపోతుంది.”

లెక్క సరిగ్గానే ఉంది. నోరు మూసుకున్నాను.

రంగుల మెట్లదీ ఇదే తంతు. ఎనిమిది బిట్ల తెరలో ఒక్కో మూలరంగుకీ 256 మెట్లుంటాయి. ఆరు బిట్ల తెరలో 64 మాత్రమే ఉంటే, పక్కపక్క మెట్ల మీద చుక్కని గబగబా ఎక్కించి దింపి మధ్యమెట్టు ఉన్నట్టు భ్రమింపజేస్తారు. ఇద్దరూ పెట్టె మీద కోటీ 67 లక్షల రంగులనే రాసుకుంటారు.

ఇంత విమర్శా చేసినవాణ్ణి, కొట్లో ఏం చేశానో కూడా చెప్పాలి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. అక్కడ గోడ పొడుగునా మానిటర్లు వెలుగుతున్నాయి. అన్నిటిలోనూ ఒకే చిలక ఒకే జామపండు తింటోంది. ఒకదానిలో ఆ చిలక ఎంత పచ్చగా, జామ ఎంత ఎర్రగా ఉందంటే, మేమిద్దరం నోరు తెరుచుకుని దాని ముందే నిలబడిపోయాం. “ఇదే” అన్నాను. మావాడూ “ఇదే” అన్నాడు. కొట్టువాడు బిల్లుపుస్తకం తీశాడు.

అప్పుడు జేబులో పెన్‌డ్రైవ్ గుర్తొచ్చింది. అందులో అక్కయ్య ఫోటో, నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుమెట్లుగా ఉన్న బూడిదరంగు పట్టీ ఒకటీ వేసుకెళ్ళాను. ఆ దేదీప్యమానమైన తెర మీద ఫోటో పెట్టించాను. బావగారి మొహం కారప్పొడి పూసినట్టు కందిపోయింది. దాని తప్పూ లేదు. ఫోటో చిన్న హద్దులో ఉంది, తెర హద్దు పెద్దది. తర్జుమా చేసేవాడు మధ్యలో లేకపోతే, చిన్న హద్దులోని ఎరుపుని తన పెద్ద హద్దులోని ఎరుపుగా చదివేస్తుంది. దానికి తోడు కొట్లో చూపించడానికని రంగులన్నీ పైకి తోసి పెట్టారు. బూడిద పట్టీలో చివరి నాలుగు మెట్లూ ఒకే నలుపైపోయాయి.

మూలన కాస్త దిగాలుగా వెలుగుతున్న మానిటర్ ఒకటుంది. చిలక అందులో మామూలు చిలకలాగే ఉంది. దానికి ఫోటో తగిలిస్తే, ఇంతవరకు నల్లమచ్చ అనుకున్నచోట అక్కయ్య జడ విడిగా కనిపించింది. జడలో కుచ్చులు కనిపించాయి. వెనక తలుపు పక్కన నిలబడ్డ మా నాయనమ్మ కనిపించింది. ఆవిడ ఆ ఫోటోలో ఉందని మాకెవరికీ తెలియదు.

మా వృత్తిలో ఒక రకం సమీక్షకులుంటారు. ఏ పుస్తకమిచ్చినా అద్భుతమంటారు. సభకి అందరూ వాళ్ళనే పిలుస్తారు. నేనూ రెండు మూడుసార్లు మొహమాటానికి ఆ పని చేశాను. అలా మెచ్చుకున్న ఒక కుర్రకవి తరువాత ఒక్క మంచి పద్యం రాయలేదు. లోపమెక్కడుందో అతనికి చెప్పినవాడు లేడు. ఆ మెరిసే తెర ముందు నిలబడితే అతనే గుర్తొచ్చాడు. నేనింట్లో దిద్దుకునేటప్పుడు నా బొమ్మని పొగిడే తెర నాకొద్దు.

మావాడి వాటా కూడా పరీక్ష చేశాం. 60 హెర్ట్జ్ తెర మీద బొమ్మ 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి మారుతుంది. 144లో సుమారు 7కి ఒకసారి. ఇదంతా కుర్రకారు గొప్పలనుకున్నాను. కాని ఒక వ్యాసం తెరిచి పేజీ పైకి జరిపి చూస్తే, కదులుతున్న అక్షరాలు 144 మీద ఎంతో తేటగా ఉన్నాయి. వాడి మాట నిజమని ఒప్పుకోవలసి వచ్చింది. మూలనున్న మానిటరుకి అదీ ఉంది. 27 అంగుళాలు, 1440, ఐపీఎస్. ఎస్‌ఆర్‌జీబీ మీట నొక్కితే రంగులు హద్దులోకి వస్తున్నాయి, ఆ తరువాత కూడా వెలుతురు తగ్గించుకోనిస్తోంది. కొన్నింట్లో ఆ మీట నొక్కగానే వెలుతురు బిగుసుకుపోతుంది. కొనేముందు ఇది చూసుకోవాలి సుమండీ. నెమలికంఠంలాంటి రంగులు కొన్ని ఎస్‌ఆర్‌జీబీ హద్దు దాటి పోతాయి, నిజమే. అవి చూపించే అడోబ్ ఆర్‌జీబీ తెరలూ ఉన్నాయి. వాటి ధర నా పింఛనుకి అందదు. పైగా మా స్టూడియోవారు తీసుకునేది ఎస్‌ఆర్‌జీబీ ఫోటోనే. ఇరవై వేల పైచిలుకు చెల్లించి ఇంటికి తెచ్చాం.

స్టూడియో ఆయన్ని బతిమాలి రంగులు కొలిచే పరికరం ఒక్కరోజుకి ఎరువు తెచ్చాను. అది తెరకి బల్లిలా కరుచుకుని పావుగంట సేపు రంగులు చూసింది. తెలుపు 6500 కెల్విన్ దగ్గరా, వెలుతురు 120 కాండెలాల దగ్గరా నిలిపాం. కొత్తలో అది 300 మీద ఉంది. “ఇంత చీకటా!” అన్నాడు మావాడు. రెండు రోజులకి కళ్ళు అలవాటు పడ్డాయి. వాడి ఆటకి మాత్రం వేరే మీట ఉంది, అందులో వాడిష్టం.

మళ్ళీ మొదటినుంచి చేసి, ప్రింటు వేయించేముందు ఈసారి అక్కయ్యనే ఇంటికి పిలిచాను. నా పక్కన కుర్చీ వేశాను. పక్కనుంచి చూసినా ఆవిడకీ నాకూ ఒకే రంగు కనిపించడం ఈ తెర పుణ్యమే.

చాలాసేపు చూసింది. “దగ్గరికొచ్చావురా. కాని ఇంకా నీలమే. నెమలికంఠమంటే కాస్త పచ్చ తొంగిచూడాలి” అంది. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. తెర అబద్ధం చెప్పడం లేదు, కొలిచి చూశాం కదా. ఇంతలో ఆవిడే అంది: “అయినా మీ బావ చొక్కా తెల్లగా చేశావేమిటి? అది మీగడరంగు. సిల్కుది. నాన్న మద్రాసు నుంచి తెప్పించారు. నీకేం గుర్తుంటుంది, కాఫీలందించడానికి తిరుగుతున్నావు.”

తప్పు అక్కడుంది. ఫోటోలో ఏది తెలుపో చూపిస్తే మిగతా రంగులన్నీ దాన్ని బట్టి సర్దుకుంటాయి. ఆ చొక్కాని తెలుపనుకుని నేను దాని మీదే నొక్కాను. మీగడని తెలుపు చెయ్యబోయి ఫోటో మొత్తానికి నీలం పట్టించాను. తెర ఎంత నిజాయితీగా ఉన్నా, చొక్కా మీగడరంగని దానికెలా తెలుస్తుంది?

చొక్కాని మీగడరంగుకి తెచ్చాను. దాంతో బాటే జరీ పసుపెక్కింది. నాయనమ్మ పంచన గోడ సున్నం వెచ్చబడింది. చీరలో నీలం వెనక నుంచి పచ్చదనం మెల్లిగా పైకి వచ్చింది.

అక్కయ్య ఏమీ అనలేదు.

వెనకనుంచి మావాడు, “అయిపోయిందా తాతయ్యా? నా వంతు” అన్నాడు.

“ఉండరా నాన్నా, ఇంకాసేపు చూడనీ” అంది అక్కయ్య.